బొంతలు కుట్టే మిషన్‌కి బాబిన్ కేసు మార్చాలా? ఆదోని అక్కకు జవాబు

ఆదోని నుంచి ఒక అక్క అడిగిన సంగతి ఇది. వాళ్ళమ్మ వాడిన, కాలితో తొక్కే నల్ల మిషన్‌కి మోటరు బిగించుకున్నారు. జాకెట్లు, లంగాలు బాగానే కుడుతోంది. పాత చీరల మధ్య దూది పరిచి బొంత కుట్టబోతే మాత్రం జానెడు కుట్టేసరికి అడుగున దారం ఉండలు కట్టి మిషన్ బిగుసుకుపోతోంది. అంగడాయన చూడకుండానే "బాబిన్ కేసు పోయింటుంది" అని కొత్త కేసూ (అడుగుదారం చుట్టిన బాబిన్ కూర్చునే చిన్న డబ్బీ), ఒక ప్యాకెట్ బాబిన్లూ చేతిలో పెట్టాడు. అవి వేశాక టకటకమని చప్పుడు, పైగా దారం తెగడం. ఇప్పుడు ఇంకో కేసు కొనాలా, పై పొరను కూడా లాగే వాకింగ్ ఫుట్ లాంటి సామాన్లు కొనాలా, లేక ఏకంగా ఫ్యాక్టరీల్లో వాడే పవర్ మిషన్ తీసుకోవాలా అన్నది ఆమె ప్రశ్న.

అక్కా, ఇప్పటికైతే ఏమీ కొనవద్దండి. నేను రాయదుర్గం జీన్స్ యూనిట్లలో మిషన్లు చూసి, ఆ తర్వాత అనంతపురంలో ఇంటి మిషన్ల రిపేరుకు వచ్చినవాణ్ణి. అడుగున ఉండలు కడుతోంది, బాబిన్ కేసు ఇవ్వండి అని వచ్చే వాళ్ళలో ఎక్కువమందికి ఆ కేసుతో పనే ఉండదు. అడుగున కనబడుతుంది కాబట్టి అడుగుదారాన్ని అనుమానిస్తాం. అడుగున ఉండ కట్టేది దాదాపు ఎప్పుడూ పైదారమే. నమ్మకం లేకపోతే పైన ఎర్రదారం, బాబిన్‌లో తెల్లదారం వేసి నాలుగు అంగుళాలు కుట్టి బొంత తిప్పి చూడండి. ఉండ ఎర్రగా ఉందంటే తప్పు పైన ఉన్నట్టే.

ఎందుకలా అవుతుందో తెలిస్తే మీకు సగం రిపేరు వచ్చేసినట్టే. సూది కిందికి దిగి, కొంచెం పైకి లేవగానే దారం చిన్న వంపు తిరుగుతుంది. మన దగ్గర షటిల్ అని పిలిచే హుక్ కొన వచ్చి ఆ వంపును పట్టుకుని, వెడల్పు చేసి, బాబిన్ కేసు మొత్తం చుట్టూ తిప్పి వదులుతుంది. అంటే ప్రతి కుట్టుకూ పైదారం అంత పెద్ద కేసును చుట్టి రావాలి. వచ్చిన దారాన్ని పైన ఆడే లివరు వెనక్కి లాగేసుకుంటుంది. పైన టెన్షన్ బిళ్ళలు దారాన్ని పట్టుకోకపోతే లివరు లాగినప్పుడు అడుగు నుంచి రాదు, రీలు నుంచి కొత్త దారం వస్తుంది. అడుగున మిగిలిపోయిందల్లా కుప్ప పడుతుంది. ఇందులో బాబిన్ కేసు తప్పేముంది?

పైన పట్టు లేకపోవడానికి బొంతల్లో ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, పాదం దించి ఉంచి దారం ఎక్కించడం. పాదం దిగి ఉంటే బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం మధ్యలోకి పోకుండా అంచు మీదే కూర్చుంటుంది. పాదం ఎత్తి ఎక్కించాలి. పాదం దించాక దారం లాగి చూస్తే బిగువు తెలియాలి, ఎత్తితే సులువుగా రావాలి. రెండోది, బొంత మందంగా ఉంటే పాదం పూర్తిగా దిగనట్టు అనిపించి, పాదాన్ని ఎత్తి దించే లివరు సగంలో వదిలేయడం. ఆ లివరు కచ్చితంగా కిందికి పడితేనే టెన్షన్ పనిచేస్తుంది. దర్నింగ్ ఫుట్ వేసుకుని చేత్తో బొంతను తిప్పుకుంటూ కుట్టే వాళ్ళకు ఇది మరీ జరుగుతుంది. ఆ పాదం దించినా బట్టకు అంటదు, పైన తేలుతున్నట్టే ఉంటుంది. దాంతో దించారో లేదో మరిచిపోతారు.

ఇక మీ కొత్త బాబిన్ల చప్పుడు. అది వేరే జబ్బు, అంగడిలో అంటుకున్నది.

మీ నల్ల మిషన్ క్లాస్ 15 రకం, అంటే దాని బాబిన్, కేసుల రకానికి పేరు. ఉషా, సింగర్, మెరిట్, రీటా అని పేరు ఏదైనా, మన ఇళ్ళలో ఉన్న నల్ల కాలు మిషన్లు చాలావరకు ఈ రకమే. వీటి బాబిన్ అడ్డం దాదాపు 20.3 మిల్లీమీటర్లు, ఎత్తు 11.7. పవర్ మిషన్లలో, అంటే జూకీ డీడీఎల్ లాంటి వాటిలో, వాడే బాబిన్ అడ్డం 21కి దగ్గర, ఎత్తు మాత్రం 9 మిల్లీమీటర్లే. పై నుంచి చూస్తే రెండూ ఒకేలా గుండ్రంగా ఉంటాయి. అడ్డంలో తేడా కంటికి ఆనదు, ఎత్తులోనే ఉంది అసలు తేడా. అంగళ్ళలో రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిసిపోతాయి. పొట్టి బాబిన్ పొడుగు కేసులో పడితే లోపల రెండున్నర మిల్లీమీటర్లకు పైగా సందు. అది అటూ ఇటూ కొట్టుకుంటుంది, దారం జారి బాబిన్ అంచుకూ కేసుకూ మధ్య ఇరుక్కుని తెగుతుంది. మీరు చెప్పిన టకటక అదే అయ్యుంటుంది. అమ్మగారి పాత బాబిన్ ఒకటి, కొత్తది ఒకటి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి పైన స్కేలు ఆనించండి. స్కేలు వాలిందంటే ప్యాకెట్ వెనక్కి ఇచ్చేయండి.

కేసు కూడా అంతే. నల్ల మిషన్‌లో షటిల్ ఒకవైపు సగం తిరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. పవర్ మిషన్‌లో హుక్ ఒకే దిశలో గిర్రున, కుట్టుకు రెండు చుట్లు తిరుగుతుంది. కదలికే వేరు కాబట్టి దాని కేసు దీనికి, దీని కేసు దానికి పనికిరాదు. మీ కేసుకు పైకి పొడుచుకొచ్చిన వేలు లాంటి కొమ్ము ఉంటుంది, అది ముందున్న రింగు పైభాగంలోని గాడిలో కూర్చోవాలి. కేసు దూర్చేటప్పుడు టక్కుమని పట్టుకున్న చప్పుడు వినబడాలి. వినబడకపోతే కేసు పుల్ల మీద సరిగ్గా ఎక్కలేదు. ఆ స్థితిలో మోటరు నొక్కితే సూది విరగొచ్చు.

ఉషా జానోమ్ లాంటి కొత్త తెల్ల మిషన్లు ఉన్న వాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. వాటిలో బాబిన్ పై నుంచి వేసే మోడళ్ళకు ఇనుప బాబిన్లు వద్దు. లోపల ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది, ఇనుము దాన్ని గీకేస్తుంది. వాటికి సరిపడే ప్లాస్టిక్ బాబిన్లు వేరే ఉన్నాయి. జానోమ్ పెద్ద క్విల్టింగ్ మోడళ్ళకు వదులు టెన్షన్‌తో నీలి చుక్క ఉన్న గిన్నె విడిగా దొరుకుతుంది. మన ఊళ్ళలో దానికోసం తిరగడం దండగ, తెప్పించుకోవాల్సిందే.

బాబిన్ కేసు నిజంగా ఎప్పుడు పోతుందో చెప్తాను, మీరే చూసుకోవచ్చు. కేసు పక్కన రేకు స్ప్రింగు ఉంటుంది, దాని కింద నుంచే దారం వస్తుంది. ఏళ్ళ తరబడి పాలిస్టర్ దారం ఒకే చోట రాసుకుని ఆ రేకుకు సన్నటి గాడి పడుతుంది. గోటితో తడిమితే తెలుస్తుంది. గాడి పడితే టెన్షన్ ఒకచోట నిలవదు, అప్పుడు మార్చాలి. కేసు కిందపడి అంచు సొట్టపోయినా, వెనక తలుపు లాంటి గొళ్ళెం వదులైనా, కొమ్ము అంచు గరుకెక్కినా అంతే. ఆ కొమ్ము పక్క నుంచే పైదారం జారిపోవాలి, గరుకుంటే ప్రతిసారీ పీచు లేస్తుంది. ఇవేవీ లేకపోతే మీ అమ్మగారి పాత కేసు, చైనా నుంచి వచ్చే పల్చటి కొత్త కేసుకంటే మేలు. పాత వాటి రేకులో ఉన్న పట్టు ఇప్పటి చవక రకాల్లో నాకు కనబడలేదు.

తీసిపారేసే ముందు ఇంకోటి చేయండి. ఏదైనా పాత శుభలేఖ మూల కత్తిరించి ఆ రేకు కిందికి దూర్చి దారం వచ్చే దారిలో లాగండి. మైనం పట్టిన నుసి, దారపు పీచు బయటికొస్తాయి. ఒక్కోసారి అంతకుముందు స్క్రూ ఎంత తిప్పినా దారికి రాని టెన్షన్ ఈ ఒక్క పనితో సరిపోతుంది.

స్క్రూలు రెండుంటాయి, జాగ్రత్త. అంచున ఉన్నది రేకును పట్టుకునేది, దాన్ని ముట్టుకోవద్దు. మధ్యలో తల కొంచెం పెద్దగా ఉండేదే టెన్షన్‌ది. కుడికి తిప్పితే బిగువు, ఎడమకు వదులు. తిప్పేది గడియారంలో అయిదు నిమిషాలంత, అంతకు మించొద్దు. తిప్పే ముందు స్క్రూ గీత ఏ దిక్కున ఉందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కింద తెల్ల పళ్ళెం పెట్టుకుని చేయండి, ఆ స్క్రూ ఊడి కిందపడితే దొరకడం కల్ల.

బాబిన్ వేశాక దారం చివర పట్టుకుని కేసును గాల్లో వేలాడదీయండి. తన బరువుకే జర్రున జారిపోతే వదులు. చేత్తో చిన్న కుదుపిస్తే అంగుళమో రెండంగుళాలో దిగి ఆగాలి. కుదిపినా కదలకపోతే బిగువు. జాకెట్లకు ఇది చాలు. బొంతకు మాత్రం దీనికంటే ఒక పిసరు వదులు కావాలి. లోపల దూది ఉండటంతో ముడి ఆ మందంలోనే దాక్కోవాలి, అడుగుదారం బిగిస్తే పైదారాన్ని కిందికి గుంజి అడుగున చుక్కలు చుక్కలుగా చూపిస్తుంది. పైదారపు చుక్కలు అడుగున కనబడినప్పుడు ముందు పైటెన్షన్ ఒక అంకె పెంచి చూడండి. దానికీ లొంగకపోతేనే కేసు జోలికి పోండి.

ఇక్కడే నా అసలు సలహా. మీరు కొనదగ్గ వస్తువు ఏదైనా ఉందంటే అది రెండో బాబిన్ కేసు. పాతది పాడైందని కాదు. ఒక కేసు జాకెట్లకు అమర్చి పెట్టుకోండి, దాని స్క్రూ మళ్ళీ ముట్టుకోకండి. రెండోదాన్ని బొంతకు, మీరు వాడే దారానికి, సరిచేసుకుని దాని వెనకవైపు గోళ్ళరంగు చుక్క పెట్టుకోండి. నేను చూసిన ఇంటి మిషన్లలో సగం గొడవలు ఒకే కేసును ఈ పూట అటు, ఆ పూట ఇటు తిప్పడం వల్ల వచ్చినవే. టెన్షన్ కొలిచే గేజులు దొరుకుతాయి. పెద్ద ఎత్తున లాంగ్‌ఆర్మ్ (బొంతలు కుట్టే పొడుగు చేతి పెద్ద మిషన్) మీద కుట్టేవాళ్ళకు అవసరమేమో కానీ, ఇంట్లో ఏడాదికి నాలుగు బొంతలు కుట్టుకునేవాళ్ళకు ఎందుకు? వేలాడదీసి చూడటం చాలు.

కేసులో బాబిన్ తిరిగే దిశ కూడా చూడండి. క్లాస్ 15 కేసును నోరు మీవైపు పట్టుకుని దారం లాగితే బాబిన్ గడియారం ముళ్ళు తిరిగినట్టు తిరగాలి. తిరగబడితే కుట్టు పడుతుంది కానీ టెన్షన్ నిలకడగా ఉండదు. బాబిన్ నింపేటప్పుడు దారాన్ని చేత్తో పట్టుకుని చుట్టకుండా, బాబిన్ చుట్టడానికని మిషన్ మీదున్న చిన్న బిళ్ళ గుండా పోనిచ్చి నెమ్మదిగా చుట్టండి. అంచు దాకా నింపొద్దు, ఒక పిసరు ఖాళీ వదలండి. చేత్తో నొక్కితే మెత్తగా దిగే బాబిన్ బొంత మధ్యలో మోసం చేస్తుంది. ఇనుపవీ ప్లాస్టిక్‌వీ కలపకండి, బరువు మారితే టెన్షనూ మారుతుంది. మన ఎండలకు కిటికీ పక్కన పెట్టిన ప్లాస్టిక్ బాబిన్లు వంకర తిరుగుతాయి, దారం కూడా ఎండకు పటుత్వం పోగొట్టుకుంటుంది. ఎన్నేళ్ళ నాటిదో తెలియని రీలును రెండు చేతులతో పట్టి తెంపి చూడండి. పుటుక్కున తెగితే దాన్ని బొంతకు వాడొద్దు.

సూది గురించి క్లుప్తంగా. మీ మిషన్‌కు హెచ్‌ఏ×1 సూది, ఒకవైపు చదునుగా ఉంటుంది. డీబీ×1 పవర్ మిషన్‌ది, అది గుండ్రటి కాడ, మీకు వద్దు. నాలుగైదు పొరల పాత చీరలకూ దూదికీ 16 నంబరు, చీరలు మరీ పల్చనైతే 14. పొడుగు గాడి ఉన్న వైపు నుంచి దారం ఎక్కాలి. ప్రతి బొంతకూ కొత్త సూది వేయండి, అందులో పిసినారితనం వద్దు. పట్టు చీర జరీ అంచులు కత్తిరించి పక్కన పెట్టండి. అవి సూది మొనను పాడు చేస్తాయి, ఆ మొద్దు సూదే కుట్లు తప్పిస్తుంది, మీరు మళ్ళీ బాబిన్ కేసును తిడతారు.

వాకింగ్ ఫుట్ సంగతి. బొంతలకు అది మంచి వస్తువే. కింద పళ్ళు బట్టను లాగినట్టే పైన కూడా పళ్ళతో లాగుతుంది, పొరలు జరగవు. కొనేముందు రెండు చూడాలి. పాదం దించి, పాదం అడుగు నుంచి పాదాన్ని బిగించే స్క్రూ మధ్య వరకు కొలవండి. ముప్పావు అంగుళం లోపుంటే పొట్టి కాడ, అంగుళం దాటితే పొడుగు కాడ. నల్ల ఇంటి మిషన్లకు పొట్టి కాడదే కావాలి. వాకింగ్ ఫుట్‌కు పక్కన చీలిక చెయ్యి ఒకటి ఉంటుంది, అది సూది బిగించే స్క్రూ మీద స్వారీ చేయాలి, లేకపోతే పాదం ఉత్త బరువే. కొన్ని పాత మిషన్లలో ఆ స్క్రూ పొట్టిగా ఉండి చెయ్యి జారిపోతుంది. కాబట్టి అంగడికి పోయేటప్పుడు ఆ స్క్రూను ఊడదీసి పట్టుకుపోండి. వాకింగ్ ఫుట్‌తో వేగంగా తొక్కకూడదు, నెమ్మదిగా, తిన్నటి గీతల్లో పోవాలి.

అది కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే, పైన పాదం ఒత్తిడి తిప్పే గుబ్బను కొంచెం వదులు చేసి, కుట్టు పొడవు పెంచి, పొరలన్నిటినీ ముందే చేత్తో పెద్ద కుట్లు వేసి పట్టించండి. మధ్య నుంచి అంచులకు కుట్టుకుంటూ రండి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలో కుప్పపడి ముడతలు వస్తాయి. ఎడమవైపు బల్లో మంచమో మిషన్ ఎత్తుకు జరిపి బొంత బరువంతా దానిమీద ఉండేట్టు చూసుకోండి. వేలాడే బరువు సూదిని వంచుతుంది. వంగిన సూది షటిల్‌కు తగిలి మొన మీద గీత పడితే అప్పుడు నిజంగా ఖర్చే. దర్నింగ్ ఫుట్‌తో పూలూ తీగలూ కుట్టాలని ఉంటే ముందు పళ్ళు దించే గుబ్బ మీ మిషన్‌కు ఉందో లేదో చూడండి. లేకపోతే పళ్ళ మీద మూసే చిన్న పలక దొరుకుతుంది. కుట్టు పొడవు సున్నాకు పెట్టండి. బొంత రోజూ కప్పుకుని, నెలకోసారి ఉతికేదైతే మాత్రం నేను తిన్నటి గీతలకే ఓటేస్తాను.

దూది మీకు చెప్పేదేముంది, ఆదోనిలో ఉంటూ. పత్తి మార్కెట్ మీదే, ఏకించి ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ ఏకిన దూదిని నేరుగా చీరల మధ్య పరచకుండా పల్చటి మల్లు గుడ్డలో పెట్టండి. లేకపోతే సూది ప్రతిసారీ దూది పోగును కిందికి లాక్కుపోయి షటిల్‌లో నింపుతుంది. కుట్టు వరుసల మధ్య ఎడం మరీ ఎక్కువైతే ఉతికినప్పుడు దూది ఉండలై ఒకమూలకు చేరుతుంది. ప్రతి రెండు బాబిన్లకూ ఒకసారి కేసు తీసి, సూది పైకెత్తి, రింగుకున్న రెండు గొళ్ళేలు తెరిచి, షటిల్ బయటికి తీసి కుంచెతో దులపండి. ఏ వరుసలో తీశారో చూసుకుంటూ తీయండి, పెట్టేటప్పుడు తిప్పలుండవు. తర్వాత షటిల్ తిరిగే దారిలో మిషన్ నూనె ఒక్క చుక్క. కొబ్బరినూనె పోయడం మన దగ్గర పెద్ద అలవాటు, దయచేసి మానండి. అది రాను రాను జిగురై, దూది నుసితో కలిసి గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డ మిషన్లను కిరసనాయిలుతో కడిగే పనే నాకు వేసవిలో ఎక్కువ.

పవర్ మిషన్ కొనాలా అన్నదానికి. రాయదుర్గం, బళ్ళారి జీన్స్ యూనిట్లు మార్చేసిన సెకండ్ హ్యాండ్ మిషన్లు చవకగా వస్తాయి, అది చూసే మీకు ఆశ పుట్టి ఉంటుంది. మామూలు డీడీఎల్ 8700 రకం నిమిషానికి 5500 కుట్లు వరకు పోగలదు, బొంతకు ఆ వేగం మీకెందుకు? దానికీ పళ్ళు అడుగునే, పై పొర జరగడం మీ నల్ల మిషన్‌లాగే ఉంటుంది. మందపు గుడ్డకైతే హెచ్ రకం అడగండి, కుట్టు పొడవు 5 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. పాత క్లచ్ మోటరు కాకుండా సర్వో మోటరు ఉన్నది చూడండి, నెమ్మదిగా పోనివ్వొచ్చు, కరెంటు తక్కువ తింటుంది. బొంతలు అమ్మకానికి కుట్టాలనుకుంటే సోఫా కవర్లు, బ్యాగులు కుట్టేవాళ్ళు వాడే పైకిందా లాగే మిషనే సరైనది, అది మాత్రం ఖరీదు. ఇంటి వాడకానికైతే మీ నల్ల మిషన్ చాలు.

మోటరు గురించి ఒకటి మిగిలింది. ఈ చిన్న ఇంటి మోటర్లు మందపు గుడ్డ మీద అరగంట ఆపకుండా నడిస్తే కాలిన వాసన వస్తాయి. బొంత కుట్టే రోజు మోటరు బెల్టు తీసేసి కాలితోనే తొక్కండి. కుట్టు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది, కరెంటు పోయినా పని ఆగదు. ముందు పాత కేసు, పాత బాబిన్, 16 నంబరు కొత్త సూది వేసి, పాదం ఎత్తి దారం ఎక్కించి, రెండు పాత చీర ముక్కల మధ్య దూది పెట్టి కుట్టి చూడండి. ఎర్రదారం ఇంకా అడుగున కుప్పపడితే ఆ గుడ్డను తిరగేసి, కేసు నోటివైపునూ టెన్షన్ బిళ్ళలనూ దగ్గరగా ఫొటోలు తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.